పంచరు నేర్పిన చాచా

సైకిల్ చాచా చనిపోయిండని కేతేపల్లి నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఆయన సైకిల్ రిపేరు దుకాణం పక్కన చాయ్ హోటల్ నడిపే అన్న రాసిండు. నేనిప్పుడుంటున్న ఆత్మకూరుకు ఆ కార్డు చేరేసరికి మట్టిచ్చి పన్నెండు రోజులయింది. చాచాకు నా అనేటోళ్లు లేరు. కబురు చెప్పాల్సిన మనిషిని నేనొక్కదాన్నే అని ఆ హోటల్ అన్న అనుకున్నడట.

ఎనభైల నడుమ నేను కేతేపల్లికి నర్సుగా వచ్చిన. ఊళ్లె తెలిసినవాళ్లెవరూ లేరు. ఒక అర్ర కిరాయికి తీసుకొని ఒక్కదాన్నే ఉంటుంటి. చుట్టుపక్కల తండాలకు సూదులు, మందులు పట్టుకొని సైకిల్ మీద పోవాలె. ఆ బాటల నిండ తుమ్మముండ్లు. మొదటి వారంలనే మూడుసార్లు పంచరయింది. మూడుసార్లూ సైకిల్ నడిపించుకుంట చాచా దగ్గరికే వచ్చిన.

మూడోసారి ఆయన సైకిల్ ముట్టలేదు. చిన్న పీట నా ముందుకు జరిపి కూసొమ్మన్నడు. హోటల్ కాడ మొగోళ్లంత చూస్తున్నరు, నాకు సిగ్గయింది. చాచా వాళ్ల దిక్కు చూడకుండనే టైరు ఊడదీసే ఇనుప పట్టీ నా చేతిల పెట్టిండు. ట్యూబు నీళ్లల్ల ముంచి బుడగలెక్కడొస్తున్నయో చూసుడు, గరుకు కాగితంతోని రుద్దుడు, సొల్యూషన్ పూసి అది ఆరేదాక ఓపిక పట్టుడు, అతుకు అంటించుడు, అన్నీ నాతోనే చేయించిండు. ఇగ అయిపోయిందని ట్యూబు లోపలికి నెడుతుంటే నా చెయ్యి ఆపిండు.

"ముందుగాల టైరు లోపల వేలుపెట్టి చూడు బిడ్డా. ముల్లు గాడనే ఉంటది. దాన్నట్లనే ఉంచి ట్యూబుకు ఎన్ని అతుకులేస్తే ఏం ఫాయిదా?"

మెల్లగ తడిమితే నిజంగనే ముల్లు మొన తగిలింది.

అప్పటినుంచి పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు ఆయన దుకాణం ముందు ఆగుడు అలవాటయింది. బొటనవేలితో టైరు ఒత్తి చూస్తుండె. చక్రం గిరగిర తిప్పి, వంకర ఉన్న తావున సుద్దతో గీత పెట్టి, స్పోకు పుల్లలు కొంచెం కొంచెం బిగిస్తుండె. ఒక్కో పుల్లను వేలితో మీటి చెవొగ్గి వింటుండె. ఒక్కటి వదులైతే పక్కదాని మీద బరువు పడుతదని చెప్పిండొకసారి. మాటలు తక్కువ మనిషి. కొన్ని రోజులైతే, ఆ ఊళ్లె నాతోని ఎవరన్న మాట్లాడిన్రంటే అది చాచా అడిగిన "గాలి సరిపోయిందా?" అన్న మాటొక్కటే.

ఒక వానాకాలం పట్టపగలు, తండాల ఒకామెకు నొప్పులొస్తున్నయని కబురొచ్చింది. ఇంకా రెండు మైళ్లుందనంగ ముందు చక్రం గాలి పోయింది. గొర్లు తప్ప మనిషి జాడ లేదు. ఏడుపొచ్చింది. సైకిల్ తిరగేసి, వాననీళ్ల గుంతల ట్యూబు ముంచి, కొంగుతోని తుడిచి అతుకేసిన. ముల్లు వెతికి తీసినంకనే, వెంట ఉంచుకొమ్మని చాచా ఇచ్చిన చిన్న పంపుతోని గాలి కొట్టిన. తండా చేరేసరికి బిడ్డ మెడకు పేగు చుట్టుకొని ఉన్నది. విడిపించిన. తల్లీబిడ్డ ఇద్దరూ దక్కిన్రు.

తిరిగొచ్చి చాచాకు చెప్పిన. మెచ్చుకుంటడనుకున్న. ఆయన చేతిలున్న పానా కింద పెట్టిండు. తర్వాత, తన భార్యను నకిరేకల్ దవాఖానకు బండిల తీసుకపోతుంటే తొవ్వలనే ఆమె, కడుపుల బిడ్డ ఇద్దరూ పోయిన్రని చెప్పిండు.

"గప్పుడు ఈడ నర్సమ్మ లేకుండె," అన్నడు.

మళ్లెన్నడు ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడగవలసి ఉండె.

తొంభైలల్ల నాకు ఆత్మకూరుకు బదిలీ అయింది. పోయే ముందురోజు ఆయన రెండు చక్రాలూ విప్పి పొద్దంత సరిచేసిండు. వస్తుంటనని చెప్పిన. రెండు పండుగలకు పోయిన కూడ. తర్వాత మోపెడ్ కొనుక్కున్న. దాని మీద ఆ దుకాణం ముందుకు పోవాలంటే మొహం చెల్లలేదు. గట్లనే నాలుగేండ్లు గడిచినయి.

కార్డు అందిన మర్నాడు బస్సెక్కి పోయిన. గిరాకీ లేకున్నా రోజూ దుకాణం తెరుస్తుండెనని హోటల్ అన్న చెప్పిండు. చాచా జ్వరమొచ్చి పడుకున్నప్పుడు, ఊళ్లె ఉన్న నర్సును పిలుసుకరమ్మంటవా అని తను అడిగితే, తల అడ్డంగ ఊపిండట.

"మా నర్సమ్మ ఆత్మకూర్ల ఉన్నది గద," అన్నడట.

దుకాణానికి తాళమేసి ఉన్నది. ముందర వేపకొమ్మకు పాత టైరొకటి వేలాడుతున్నది. ముందురోజు కురిసిన వాననీళ్లు దాని అడుగున నిలిచినయి. ఒక గోరింక దాని అంచు మీద వాలి నీళ్లు తాగింది. అది ఎగిరిపోయినంక కూడ టైరు కొంతసేపు మెల్లగ ఊగుతనే ఉన్నది.