రెఫ్ అంకుల్ రాయని సంగతి

రెఫ్ అంకుల్ పోయారన్న కబురు మా అబ్బాయి మెసేజ్‌లో తెలిసింది. ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో ఉన్నాను. "డాడ్, రెఫ్ అంకుల్ పాస్డ్ అవే" అని ఐదే ముక్కలు. నిద్రలోనే పోయారట. టేబుల్ చుట్టూ పదిమంది ఉన్నారు, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరికని చెప్పుకోను? గోడ మీద మారుతున్న స్లైడ్‌లు చూస్తూ, అడిగిన దానికి తలాడిస్తూ మీటింగ్ అయ్యేదాకా కూర్చున్నాను.

అమెరికాలో మా ఊరు షాంటిలీలో శనివారాలు పిల్లల్ని సాకర్‌కి తిప్పిన మనవాళ్ళకి ఆయన గుర్తుండే ఉంటారు. మనం ఫుట్‌బాల్ అనే ఆటే ఇక్కడ సాకర్. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పసుపు చొక్కా, నల్ల నిక్కరు, మోకాళ్ళ దాకా లాగిన మేజోళ్ళు. ఆస్పత్రి ల్యాబ్‌లో పాతికేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత భార్య పోయారు. పిల్లలు లేరు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక రిఫరీ కోర్సు చేసి విజిల్ పట్టుకున్నానని ఆయనే చెప్పారు. పిల్లలంతా రెఫ్ అంకుల్ అనేవాళ్ళు. పెద్దవాళ్ళం ఆయన వెనక ఏమనుకునేవాళ్ళమో ఇక్కడ రాస్తే బాగుండదు.

అందరికంటే అరగంట ముందే వచ్చేవారు. రెండు గోల్ పోస్టుల్నీ పట్టుకుని గట్టిగా ఊపి చూసేవారు. అవి పాతినవి కావు, మోసుకొచ్చి పెట్టేవి. వెనక ఇసుక బస్తాలు లేకపోతే పిల్లలు పట్టుకుని వేలాడినప్పుడు మీద పడతాయి. బస్తా ఒక్కటి తక్కువైనా ఆట మొదలుపెట్టనిచ్చేవారు కాదు. తర్వాత పిల్లల్ని వరసగా నిలబెట్టి బూట్లు, చెవులు, చేతులు చూసేవారు. చెవిపోగులు తీయాల్సిందే. ఒకావిడ "వాళ్ళ అమ్మమ్మ పెట్టినవండీ, పైన టేప్ వేస్తే చాలదా?" అని పోట్లాటకు దిగింది. "చెవి తెగితే అమ్మమ్మకి ఫోన్ మీరు చేస్తారా, నన్ను చేయమంటారా అమ్మా?" అన్నారాయన. విసుక్కుంటూనే తీసిందావిడ.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉండేది. ఆటలో ఎవరైనా దెబ్బ తగిలి పడితే, విజిల్ వినగానే మిగతా పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ మోకాలి మీద కూర్చోవాలి. రిఫరీ పిలిస్తే కోచ్ వెళ్ళాలి. అమ్మానాన్నలు మాత్రం గీత దాటకూడదు. "మీకు మీ బిడ్డ ఒక్కడే. నాకు లోపల పద్దెనిమిది మంది" అనేవారు. మనవాళ్ళకి ఈ మాట ఎక్కేది కాదు. సెంచరీ కొట్టినవాడికి చెయ్యి కలపడానికి గ్రౌండ్‌లోకి ఉరికినవాణ్ణి హీరోలా చూసిన ఊళ్ళ నుంచి వచ్చాం. లోపలికి పరుగెత్తడం అభిమానమే అనుకున్నాం గాని తప్పని ఎవరం అనుకోలేదు.

ఆరేళ్ళ కిందట, చలి మొదలైన ఒక శనివారం, నేనూ అలాగే పరుగెత్తాను. అప్పుడు మావాడికి తొమ్మిదేళ్ళు. ఆట చివర్లో కిందపడి కాలు పట్టుకుని ఏడ్చాడు. విజిల్ మోగింది. పిల్లలంతా బుద్ధిగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేను నీళ్ళ సీసాతో గీత దాటేశాను. "బాబూ, ఆగండి!" అని రెఫ్ అంకుల్ అరవడం వినపడింది. ఆగలేదు. నన్ను చూసి అవతలి టీమ్ తండ్రి ఒకాయన వచ్చాడు. మావాణ్ణి వాళ్ళ పిల్లాడు తోశాడని నేను, తోయలేదని ఆయన. ఇంకో నలుగురు వచ్చారు. తెలుగు, ఇంగ్లీషు, చొక్కాలు పట్టుకోవడాలు. ఆ తోపులాటలో నేను రెండడుగులు వెనక్కి వేశాను. కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. చిన్న అరుపు వినపడింది. కిందికి చూశాను. అవతలి టీమ్‌లో ఆడే తెలుగు పాప, మావాడి క్లాసే, మోకాలి మీద కూర్చుని చెయ్యి గడ్డి మీద ఆనించుకుంది. నేను కాలు తీసి పక్కకి జరిగాను.

పాప చూపుడువేలు విరిగింది. వాళ్ళమ్మ ఏడుస్తూ "ఎవరండీ తొక్కింది? ఎవరు?" అని ఒక్కొక్కరి మొహమే చూసింది. అందరితో పాటు నేనూ అటూ ఇటూ చూశాను. మావాడి కాలికి ఏమీ కాలేదు, అరగంటలో నడిచాడు. ఇంటికెళ్తూ కార్‌లో "హూ డిడ్ ఇట్, డాడ్?" అని అడిగాడు. తెలీదు నాన్నా అన్నాను.

రెండు రోజులకి లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది. మొదట గీత దాటింది నేనే కాబట్టి ఆ సీజనంతా గ్రౌండ్ దగ్గరకి రాకూడదు. కావాలంటే పార్కింగ్ లాట్‌లో కూర్చోవచ్చు. తక్కినవాళ్ళకి మందలింపుతో సరిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాతి శనివారం, ఆటకీ ఆటకీ మధ్య ఆయన తన కార్‌లో కూర్చుని ఉంటే వెళ్ళి కిటికీ కొట్టాను.

"రిపోర్ట్ మీరే రాశారా అంకుల్?"

"నేనే రాశాను."

"నా ఒక్కడి పేరేనా?"

"మొదట దాటింది నువ్వు. అది చూశాను, రాశాను. చూడనిది రాయలేదు" అని, పక్క సీట్ మీద ఉన్న సంచీ వెనక్కి పెట్టారు. "బయట చలిగా ఉంది, లోపలికి రా."

అలా ఆ సీజనంతా శనివారం మధ్యాహ్నాలు ఆయన కార్‌లో గడిచాయి. రిఫరీతో ఎవరూ మాట్లాడరు. గెలిచినవాళ్ళకి ఆయన అవసరం లేదు, ఓడినవాళ్ళకి ఆయనంటే మంట. అటువైపు టెంట్ కింద తల్లిదండ్రులు పులిహోర, సమోసాలు పంచుకుంటుంటే, ఆయన ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని తినేవారు. తినే ముందు విజిల్ మెడలోంచి తీసి అద్దానికి తగిలించేవారు. నాతోనూ ఎవరూ మాట్లాడని రోజులవి. దూరంగా మావాడు చీమంత కనిపించేవాడు. గోల్ కొట్టినా ఇటు చూసేవాడు కాదు.

ఒకరోజు అడక్కుండానే చెప్పారు. కాలేజీలో చదివే రోజుల్లో వాళ్ళ ఊళ్ళో ఫుట్‌బాల్ ఫైనల్. వీళ్ళ కాలేజీ గెలిచింది. సంతోషం పట్టలేక జనమంతా గ్రౌండ్‌లోకి పరుగెత్తారు, ఆయనా పరుగెత్తారు. ఆ ఊపులో గెలిపించిన గోల్‌కీపరే కిందపడ్డాడు. మణికట్టు నలిగిపోయింది. మళ్ళీ బంతి పట్టలేదు.

"తొక్కినవాళ్ళలో నేనున్నానని నాకు తెలుసు. వాడు నా రూమ్మేట్. చెప్దాం చెప్దాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా వాడు పోయాడు" అన్నారు. నావైపు చూడకుండా, "నువ్వింకా కుర్రాడివి. తొందరేం లేదు" అన్నారు.

నేను చెప్పుకోవడానికి ఆయనే దారి తీసి పెట్టారు. నేను చేయాల్సిందల్లా ఒక్క మాట అనడం. "ఆవకాయ మీరే పెట్టారా అంకుల్?" అని అడిగాను.

"లేదు, స్టోర్‌లో కొన్నదే" అని డబ్బా మూత పెట్టి, విజిల్ తగిలించుకుని వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఎందుకు చెప్పలేదంటే అప్పట్లో నాకు కారణాలు చాలానే ఉన్నాయి. హెచ్-వన్ వీసా మీద ఉన్నాను. గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది. ఆ ఏడాది మా ఫ్లోర్‌లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఎవరైనా కేస్ వేస్తే, లాయర్ అంటే, పోలీస్ అంటే అని భయం. తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చింది. అప్పుడూ చెప్పలేదు. సిగ్గుకి భయమని పేరు పెట్టుకున్నానంతే. సీజన్ అయిపోయాక గీత దగ్గర నిలబడే హక్కు నాకు తిరిగొచ్చింది. ఆయన కనపడితే చెయ్యెత్తేవారు, నేనూ ఎత్తేవాణ్ణి. కార్ దగ్గరకి వెళ్ళడం మానేశాను. ఆయన మళ్ళీ ఒక్కరే తినడం దూరం నుంచి చూసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను కోసేస్తున్నది అదే.

చివరిచూపు కోసం ఫ్యూనరల్ హోమ్‌కి మావాణ్ణి తీసుకుని వెళ్ళాను. ఫ్రీమాంట్ నుంచి మేనల్లుడొకాయన వచ్చాడు. జనం ఎక్కువ లేరు, వచ్చినవాళ్ళలో పిల్లలే ఎక్కువ. ఆ పాప కూడా వచ్చింది. ఇప్పుడు హైస్కూల్. రెండేళ్ళుగా ఆయన దగ్గరే నేర్చుకుని చిన్నపిల్లల ఆటలకి రిఫరీగా ఉంటోంది. చూపుడువేలు చివర కొంచెం వంకర. హాల్ బయట మావాడితో మాట్లాడుతోంది. దగ్గరకి వెళ్ళాను.

"అమ్మా, ఆ రోజు నీ చెయ్యి తొక్కింది నేను" అన్నాను.

మావాడు నావైపు చూశాడు. పాప మాత్రం కంగారుపడలేదు.

"ఐ నో, అంకుల్. నేను డౌన్ కూర్చున్నా కదా. మీ షూస్ చూశా. బ్రౌన్ ఆఫీస్ షూస్. మిగతావి అన్నీ స్నీకర్స్."

"ఎవరికైనా చెప్పావా?"

"రెఫ్ అంకుల్‌కి. సేమ్ డే. రాయాలా అని నన్నే అడిగారు. వీడు నా క్లాస్‌లో ఉన్నాడు కదా, నో అన్నా. అప్పుడు అంకుల్ అన్నారు, ఓకే, ఆయనే వచ్చి చెప్తాడు, వెయిట్ చేద్దాం అని." మళ్ళీ తనే అడిగింది. "అంకుల్‌కి చెప్పారా, ఎప్పుడైనా?"

తల అడ్డంగా ఊపాను. పాప తలుపు వైపు తిరిగింది. లోపల పిలుస్తున్నారు, పదండి అంది.

ఒక్కొక్కరే వెళ్ళి పూలు వేస్తున్నారు. నా వంతు వచ్చింది. ఎవరు తొడిగారో, రిఫరీ చొక్కా బదులు తెల్ల చొక్కా తొడిగి టై కట్టారు. చూడ్డానికి ఆయనలా లేరు. పూలు వేసి కదలలేకపోయాను. ఆయన చెవి దగ్గరకి వంగి, ఆరేళ్ళ కిందట కార్‌లో చెప్పాల్సింది మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పాను. చాలాసేపే పట్టింది. నా వెనక మావాడు ఆగాడు. వాడి వెనక పాప, ఆ వెనక పిల్లలంతా, చేతుల్లో పూలు పట్టుకుని, కదలకుండా ఆగారు.