రంగసామి సారూ, వైర్‌లెస్ అడాప్టరూ

నిన్న మధ్యాహ్నం పాత కంప్యూటరు దుమ్ము దులిపి ఆన్ చేశాను. వెనక గుచ్చి ఉన్న, తీగ లేకుండా నెట్ అందుకునే వైర్‌లెస్ అడాప్టరు వేడెక్కి గదంతా ప్లాస్టిక్ వాసన. దాని ఆకుపచ్చ దీపం కాసేపు మిణుకుమని ఆరిపోయింది. రంగసామి సార్ గుర్తొచ్చారు.

ఆయన పుదుచ్చేరి లాస్‌పేటలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబుకి ఇన్‌చార్జి. యానాం నుంచి ఉద్యోగానికొచ్చిన నేను ఆయనకి అసిస్టెంటుని. ఆయనది తరతరాలుగా ఆ ఊళ్ళోనే స్థిరపడ్డ కుటుంబం; ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు రావు. ల్యాబు గోడ మీద ‘చూసింది చెప్పు’ అన్న తెలుగు మాటల్ని తమిళ లిపిలో రాసి అంటించారు. అది చూడకముందే తీర్పు చెప్పేసే నా నోటి కోసమేనని అందరికీ తెలుసు.

ల్యాబు కంప్యూటర్లలో విండోస్ బదులు లైనక్స్ పెట్టించింది ఆయనే. చాలామందిని ఎదిరించి పెట్టించారు. నెట్ కేబుళ్ళు తీసేసి వైర్‌లెస్ అడాప్టర్లు తగిలించాక నెట్ నత్తలా నడవడం మొదలైంది. తనే వచ్చి చూస్తాననీ, అప్పటికీ బాగుపడకపోతే లైనక్స్ మొత్తం పీకేయిస్తాననీ ప్రిన్సిపాల్ కబురు పెట్టారు.

“ఈ లైనక్స్‌కీ అడాప్టరుకీ పడదు సార్,” అన్నాను.

“అది నువ్వు అనుకునేది మా. ఏంది చూసినావు, అది చెప్పు.”

“నెట్ మెల్లగా వస్తోంది.”

“ఎప్పుడు?”

“ఎప్పుడూ.”

“ఎప్పుడూ నడిచేది నీ వాదన ఒకటే మా. మిషన్ అట్ల కాదు.”

ఒకసారికి ఒక్కటే మార్చడం ఆయన పద్ధతి. సిగ్నల్‌కి అడ్డమేమోనని ఇనప బీరువా జరిపించారు. వైర్‌లెస్ ఛానెల్ మార్చారు. మార్చిన ప్రతిసారీ ఒక పెద్ద ఫైలు దించి వేగం చూసేవారు. ఫైలు చకచకా దిగేది. పిల్లల ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

ప్రిన్సిపాల్ వచ్చారు. తీరిగ్గా ఒక పేజీ చదివి, తర్వాతి పేజీ కోసం నొక్కారు. తెర కదల్లేదు. నేను నోరు తెరవబోతే సార్ చెయ్యి అడ్డం పెట్టి, “నాకింకా తెలీలేదు సార్,” అన్నారు. ఏదో ఒక సాకు చెప్పి గడువు అడగొచ్చు. అడగలేదు. ఆ వారంలోనే లైనక్స్ పోయి విండోస్ వచ్చింది. కొన్నాళ్ళకి ఆయనా ముందుగానే రిటైరైపోయారు.

మా ఇంట్లో లైనక్స్ కంప్యూటరుకీ అలాంటి అడాప్టరే ఉండేది. ఆయన వెళ్ళిపోయాక ఒకరోజు గ్యాస్ ఏజెన్సీతో ఫోనులో పోట్లాడి వచ్చి కూర్చుంటే దీపం ఆరి ఉంది. నొక్కితే నెట్ ఈడుస్తోంది. కాసేపు వాడితే మామూలైంది. మళ్ళీ ఊరకే వదిలేశాను, మళ్ళీ ఈడ్చింది. కరెంటు పొదుపు కోసం అడాప్టరు నిద్రపోతోంది! ఒక్క కమాండుతో ఆ పొదుపు ఆపేశాను. ఇక ఇబ్బంది లేదు.

మర్నాడే నటేశన్ నగర్‌లో సార్ ఇంటికి వెళ్ళాను. లైనక్స్‌నీ ప్రిన్సిపాల్‌నీ ఎవర్నీ ఏమీ అనకుండా, చూసింది చూసినట్టు వరసగా చెప్పాను.

“మనం దాన్ని నిద్రపోనిస్తేనే కదా మా తెలిసేది? పరిగెత్తిస్తానే పరీక్ష పెడితిమి.”

“ఇప్పుడే పోయి ప్రిన్సిపాల్‌కి చూపిస్తాను సార్.”

“యాడ చూపిస్తావు? ఆ లైనక్స్ మిషన్ యాడుంది?”

ఆయన కాఫీ తెమ్మని లోపలికి కేకేసి, “బాగా చెప్పినావు మా,” అన్నారు. ఆ మాట ల్యాబులో ఉండగా ఒక్కసారైనా అనిపించుకోవలసింది.

ఇప్పటికీ నోరు తగ్గలేదు. కానీ ఎవరైనా ఏదైనా ‘ఎప్పుడూ ఇంతే’ అంటే, ‘ఎప్పుడు?’ అని అడిగి ఆగుతాను. నిన్న కూడా దీపం ఆరాక వెంటనే ఏదీ ముట్టుకోలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను.