ఎర్ర సిరా కొట్టేసిన ప్రశ్నలు

ఒమన్ దేశంలోని సలాలాలో ఉన్నన్నాళ్లూ నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిన మనిషి మా ఫోర్‌మన్ కాదు, కంపెనీ మేనేజరూ కాదు. మా తెలుగు సంఘం కార్యదర్శి. ఆయన నాకు ఏ అపకారమూ చేయలేదు. పైగా ఆ ఊళ్లో నన్ను ‘గారు’ అని పిలిచిన మొదటి పెద్ద ఉద్యోగి ఆయనే. అందుకే నా విసుగు ఎవరికి చెప్పుకున్నా నాదే తప్పన్నట్టు చూసేవాళ్లు.

తొంభైల మొదట్లో మాట. నేను రైసూత్ రేవు పక్కన ఒక సైట్‌లో టైమ్‌కీపర్‌ని. తాపీ మేస్త్రీలు, కూలీలు పొద్దున ఎన్నింటికి డ్యూటీ ఎక్కారో, ఎన్నింటికి దిగారో రాసుకోవడం నా పని. వాళ్లలో సగం మంది మా జగిత్యాల, సిరిసిల్ల దిక్కువాళ్లే. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయిన నాకు చదువు పిచ్చి మాత్రం ఆగలేదు. ఊరి నుంచి ఎవరు వచ్చినా పచ్చళ్ల సీసాలకు చుట్టిన పత్రికల కాగితాలను సాపు చేసుకుని చదివేవాణ్ని. చాలాసార్లు కథ సగంలో చిరిగిపోయి ఉండేది.

సంఘం హాలు ఊళ్లో ఒక బడి వెనక ఉండేది. నెలకో శుక్రవారం సాయంత్రం అక్కడ ‘ముఖాముఖి’ జరిగేది. మన దేశం నుంచి మస్కట్‌కు ఏదో సభకు వచ్చిన రచయితనో, కళాకారుణ్నో, అడవులూ నీళ్ల గురించి మాట్లాడేవాళ్లనో కార్యదర్శి బతిమాలి సలాలా దాకా రప్పించేవారు. స్టేజి మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో అతిథి, రెండోదాంట్లో ప్రశ్నలడిగే మనిషి. ఒక సభలో వెనక వరుసలోంచి లేచి నేనడిగిన ప్రశ్న విని, కార్యదర్శి నన్ను పక్కకు పిలిచారు.

“మీరు బాగా అడిగారండీ. ఇకనుంచి ఆ రెండో కుర్చీ మీదే. ఒక్కటే షరతు. ప్రశ్నలు వారం ముందు రాసి నాకు చూపించాలి.”

ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఇంజినీరు. తెల్లటి చొక్కా, జేబులో రెండు కలాలు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఎరుపుది ఎందుకో నాకు తొందరలోనే తెలిసింది.

మొదట వచ్చినాయన నవలా రచయిత. రాసిన పుస్తకాలు తక్కువైనా గట్టివి. వాటిలో ఒకటి నా దగ్గర అట్ట ఊడిపోయి ఉండేది. తొమ్మిది ప్రశ్నలు రాశాను. కార్యదర్శి ఐదు కొట్టేశారు. ‘మీ నవలలో కూలివాడు చివరికి ఎందుకు లొంగిపోయాడు?’ అన్న ప్రశ్న మీద ఎర్రగీత రెండుసార్లు పడింది.

“ఆయన నొచ్చుకుంటారేమోనండీ,” అన్నారు.

మిగిలిన నాలుగూ అడుగుదామని వెళ్లాను. స్వాగతోపన్యాసం, శాలువా, పూలదండ, అధ్యక్షుల పలుకులు, పిల్లల ప్రార్థనా గీతం, మళ్లీ ఇంకో శాలువా. బయట ఖరీఫ్ తుంపర పడుతోంది. ఖరీఫ్ అంటే అక్కడి వానాకాలం. ఆ మూడు నెలలూ సలాలా కొండలు పచ్చబడి పొగమంచులో మునిగిపోతాయి. చూడ్డానికి వచ్చేవాళ్ల కార్లతో దారులు నిండుతాయి. అతిథిని చీకటి పడకముందే కొండ మీదికి తీసుకెళ్లాలట. నా వంతు వచ్చేసరికి కార్యదర్శి గడియారం చూపించి ఒక వేలు ఎత్తారు. ఒక్క ప్రశ్న.

కంగారులో నా నోటి నుంచి వచ్చింది ఇదీ: “మీరు కలంతో రాస్తారా, టైప్ చేస్తారా?”

రచయిత నా వైపు జాలిగా చూశారు. “కలంతో,” అన్నారు. చప్పట్లు. అంతే. ఆయన కారెక్కుతుంటే పరిగెత్తి, “సార్, అసలు అడగాలనుకున్నది అది కాదు,” అన్నాను. “మరేమిటి?” అని ఆయన కారు అద్దం దించుతుండగానే డ్రైవర్ బండి కదిలించాడు.

రెండోసారి ఒగ్గుకథ చెప్పే పెద్దమనిషి వస్తున్నాడని తెలిసినప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు. మా దిక్కు మనిషి. డోలు మోగిందంటే మా కూలీల క్యాంప్‌లో నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. అప్పటిదాకా హాలుకు నేను తప్ప క్యాంప్ వాళ్లెవరూ వచ్చేవాళ్లు కాదు. ముందు వరుసలు కుటుంబాలవి, వెనక వరుసలు ఆఫీసువాళ్లవి. ఈసారి కంపెనీ బస్సు నడిపే హైదరాబాదీ మిత్రుణ్ని అడిగాను. “ఫికర్ నక్కో భాయ్, సబ్కు లాతుం,” అన్నాడు. అన్నట్టే బస్సు నిండా మనుషుల్ని తెచ్చాడు. కుర్చీలు చాలక గోడ పొడుగునా నిలబడ్డారు.

కథ మొదలుకాకముందు నేను పెద్దమనిషిని అడిగాను: “తమరు ఈ విద్యను ఏ విధంగా అభ్యసించారు?”

“మా అయ్య పొద్దుగాల లేపి బాయికాడికి తోల్కపోయేటోడు బిడ్డా. బాయిల దిగి పాడమనేటోడు. గొంతు సుట్టు తిరిగి పైకొస్తే అప్పుడు సాలనేటోడు.”

గోడ దగ్గరున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు పులకరించింది. అంతలో కార్యదర్శి రెండో మైకు అందుకున్నారు.

“అంటే, వీరి తండ్రిగారు వీరిని ప్రాతఃకాలాన నిద్రలేపి, బావి వద్ద గాత్రసాధన చేయించేవారని సెలవిస్తున్నారు.”

పెద్దమనిషి అటు తిరిగి చూశాడు. నేను రెండో ప్రశ్న అడిగాను. జవాబు వచ్చింది. కార్యదర్శి మళ్లీ మైకులో దాన్ని ఇస్త్రీ చేసి వినిపించారు. మూడోసారి పెద్దమనిషి చేయెత్తాడు.

“అయ్యా, నేను మాట్లాడింది గుడ తెలుగే గదా?”

హాలంతా నవ్వింది. కార్యదర్శి మొహం ఎర్రబడింది. అయినా మైకు వదల్లేదు. “అందరికీ అర్థం కావాలి కదండీ, అందుకని,” అన్నారు.

ఆ తర్వాత నేనేమడిగినా పెద్దమనిషి “ఆఁ” అనో “ఊఁ” అనో అన్నాడు. కథ కూడా పావు వంతు చెప్పి డోలు కింద పెట్టేశాడు. క్యాంప్ వాళ్లు గొణుక్కుంటూ బస్సెక్కారు. నేను కార్యదర్శి మీద కోపంతో ఊగిపోతూ పెద్దమనిషి దగ్గరికి వెళ్లాను, క్షమాపణ చెబుదామని.

“నీదే ఊరు బిడ్డా?” అన్నాడాయన గజ్జెలు విప్పుకుంటూ.

చెప్పాను.

“మా ఊరికి ఆరు కోసులు గుడ లేదు! మరి గా కుర్చీల కూసోని గట్లెందుకు మాట్లాడినవ్? తమరు, అభ్యసించారు... ఆయినె జెర ఆగినంక నా మాటను మార్సిండు. నువ్వు ముందుగాల్నే మార్సినవ్ గదా.”

కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి దొరికాడని అప్పటిదాకా ధీమాగా ఉన్నాను. ఆ ధీమా కూడా పోయింది.

మానేద్దామనుకున్నాను. మూడో అతిథి సంగతి తెలిసి ఆగాను. ఆవిడ అనంతపురం దిక్కు నుంచి వచ్చిన పెద్దావిడ. ఊరూరా తిరిగి భూమి కింది నీళ్లు ఎందుకు అడుగంటుతున్నాయో పరిశీలించి రాసేవారు. మా క్యాంప్‌కు వచ్చిపోయే ఒక మిత్రుడు సముద్రం దగ్గర కొబ్బరితోటలో పనిచేసేవాడు. పొద్దంతా పంపు నడపడం, మొక్కలకు నీళ్లు పెట్టడం అతని పని. కొంతకాలంగా అతను ఒకటే మాట: “బాయి నీళ్లు ఉప్పగైతున్నయే. చాయ పెట్టుకున్నా నోట్ల వోతలేదు.” అతని మాటే మొదటి ప్రశ్నగా రాసిచ్చాను.

కాగితం తిరిగొచ్చేసరికి ఆ ప్రశ్న ఎర్ర సిరా కింద కనిపించలేదు.

“ఇక్కడి నీళ్ల సంగతి మనకెందుకండీ? మనం పరాయి దేశంలో ఉన్నాం. అక్కడి చెరువుల గురించి అడగండి, మొక్కలు నాటమని చెప్పించండి. చాలు.”

“నీళ్లు తాగేది మనోడే గదా సార్,” అన్నాను. ఆయనతో మా ఊరి మాట మాట్లాడటం అదే మొదలు.

“అడగొద్దని చెప్పాను కదండీ,” అన్నారు మెల్లగా.

ఆ శుక్రవారం తోట మిత్రుణ్ని తీసుకెళ్లి మూడో వరుసలో కూర్చోబెట్టాను. స్టేజి మీద నేను రాసిచ్చిన ప్రశ్నల్లో మిగిలినవి రెండు అడిగి, “సభలో ఎవరైనా అడగొచ్చు,” అన్నాను. అతను లేచాడు. ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“అమ్మా, నేను తోటల పంపు నడుపుత. బాయి నీళ్లు ఉప్పగైనయి. ఎందుకట్ల?”

ఆవిడ కుర్చీలో ముందుకు వంగారు. ఆ సాయంత్రం ఆవిడ కళ్లు మెరవడం అప్పుడే చూశాను. “సముద్రం ఎంత దూరం నాయనా? పంపు ఎన్ని గంటలు నడుస్తాది? పక్క తోటల్లోనూ అట్లే ఉందా?” వరసగా అడిగారు. అతను చెబుతున్నాడు. “మంచినీళ్లు లాగేకొద్దీ ఆ చోటులోకి సముద్రం వస్తాది, చూడు...” అని ఆవిడ మొదలుపెట్టారో లేదో, మైకు మూగబోయింది.

కార్యదర్శి మెట్ల దగ్గర నిలబడి చేతులు జోడించారు. “టిఫిన్లు వేడిగా ఉన్నాయి. అందరూ దయచేయాలి.”

కుర్చీలు కిర్రుమన్నాయి. చీరల గలగల, పిల్లల కేకలు, సమోసాల వాసన. ఆవిడ మైకు పక్కన పెట్టి, స్టేజి దిగి, మూడో వరుస దాకా నడిచొచ్చారు. ఏడెనిమిది మందిమి చుట్టూ చేరాం. మిగతా హాలు పళ్లేలు పట్టుకుని మా వైపు వీపు పెట్టింది. ఆ గోలలో ఆవిడ మాటలు సగం వినబడలేదు. ఆ నీళ్లు తాగొద్దు, తాగడానికి వేరే చోటి నుంచి తెచ్చుకో అన్నది మాత్రం స్పష్టంగా విన్నాం.

అప్పుడతను అసలు ప్రశ్న అడిగాడు. “పంపు తక్కువ నడుపుదామంటే అర్బాబ్ వినడమ్మా. చెట్లు ఎండితే నన్నంటడు. నేనేం జెయ్యాలె?”

అర్బాబ్ అంటే తోట యజమాని.

“నాకు తెలియదు నాయనా,” అన్నారావిడ.

నాకు ఒళ్లు మండింది. ఇన్ని ఎర్రగీతలు దాటి, ఇంత దూరం వచ్చి, దొరికిన జవాబు ఇదా? దారిలో ఆ మాటే అంటే మిత్రుడు నన్ను కసిరాడు. “తెల్వనిది తెల్వదన్నది. నువ్వు గుడ తెల్వదనే అంటవు గదా! నీళ్లు తాగొద్దని జెప్పింది, సాలదా?”

మర్నాటి నుంచి అతను మసీదు కుళాయి దగ్గర డబ్బా నింపుకుని సైకిల్ మీద తోటకు తీసుకెళ్లేవాడు. పంపు మాత్రం ముందులాగే నడిచింది. ఏడాది తిరిగేసరికి ఆ తోట వదిలి దూరంగా ఉత్తరాన షినాస్ దగ్గర ఇంకో పనిలో చేరాడు. అక్కడి నీళ్లు ఎలా ఉన్నాయో రాయమన్నాను. రాయలేదు.

పది రోజుల తర్వాత కార్యదర్శి తన కారులో మా సైట్ ఆఫీసుకు వచ్చారు. ఇసుకలో బూట్లు దిగబడుతుంటే నడిచొచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు. తిట్టడానికి వచ్చారనుకుని సిద్ధంగా ఉన్నాను.

“వచ్చే నెల నుంచి ముఖాముఖి లేదండీ. అంత్యాక్షరి పెడుతున్నాం,” అన్నారు.

“నా వల్లనేనా?”

“హాలు అనుమతి కాగితం నా పేరు మీద ఉంటుందండీ. ఏ మాట ఎటు పోయినా అధికారులు పిలిచి అడిగేది నన్ను. మా ఆవిడ ఇక్కడే బడిలో పాఠాలు చెబుతోంది. పాప చదువుకుంటోంది. మీరు ప్రశ్న అడిగి బస్సెక్కుతారు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.”

అంతవరకు ఆయన భయపడతారని నాకు తట్టనేలేదు. పెద్ద ఇంజినీరని మా క్యాంప్‌లో అందరికీ ఆయనంటేనే భయం. జాలిపడాలో, పోట్లాడాలో తెలియలేదు. ఆయన్ను హాయిగా ద్వేషించే వీలు కూడా లేకుండా చేశారని ఇంకా చిరాకేసింది.

“మరి అసొంటోళ్లను పిలుసుడెందుకు సార్?” అన్నాను. “పిలిచి నోరు మూసుడెందుకు?”

ఆయన కిటికీలోంచి క్రేన్ వైపు చూశారు.

“నాకూ వినాలనే ఉంటుందండీ,” అన్నారు.

లేచి, చొక్కా మీది సిమెంటు దుమ్ము దులుపుకుంటూ కారు దాకా నడిచారు. నేను హాజరు పుస్తకం ముందుకు లాక్కున్నాను. ఆ పూట ముగ్గురి పేర్లకు ఎదురుగా తప్పు గంటలు వేసి, సాయంత్రం మేస్త్రీ చేత తిట్లు తిన్నాను.