మబ్బుకో లూరు, ఎండకో లూరు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. ఈ భూమ్మీద ఏ విద్యయినా సరే, కుదురుగా కూర్చుని నాలుగు వీడియోలు చూస్తే వచ్చేస్తుందని. గుడివాడలో అద్దె గదిలో ఉన్నప్పుడు గుత్తివంకాయ కూర అలాగే నేర్చుకున్నాను. టై కట్టుకోవడం కూడా నేర్చుకున్నాను (టై కట్టుకునే ఉద్యోగం మాత్రం ఇప్పటికీ రాలేదు). అందుకే పెళ్లయ్యాక మా మావగారి చేత నాలుగు మాటలు మాట్లాడించాల్సిన అవసరం వచ్చినప్పుడు కూడా నేను నమ్ముకున్నది ఫోన్నే.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. వాళ్లది నాగాయలంక. మావగారు రిటైరైన లెక్కల మాస్టారు. పెళ్లి మాట ఎత్తినప్పుడు ఆయన కాదనలేదు, ఎగిరి గంతూ వెయ్యలేదు. "నీ ఇష్టమమ్మా" అని కూతురితో అని ఊరుకున్నారట. ఆ తర్వాత మేం ఎప్పుడు వెళ్లినా ఆయన నాతో మాట్లాడేవి రెండే మాటలు. రాగానే "రండి", బయల్దేరేటప్పుడు "మంచిది". మధ్యలో అత్తగారు వడ్డిస్తూనే ఉండేవారు, నేను తింటూనే ఉండేవాణ్ణి, ఆయన పేపరు చదువుతూనే ఉండేవారు. నాన్న తీరే అంతని, అది నామీద కోపం కాదని మా ఆవిడ నాకు సర్దిచెప్పేది గానీ, ఆ మాట మీద ఆవిడకే గురి ఉన్నట్టు కనపడేది కాదు. ఒకసారి తిరుగు బస్సులో చల్లపల్లి దాటాక కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎలాగైనా సరే ఆ మనిషి నోరు తెరిపించాలని ఆ సీట్లోనే తీర్మానించుకున్నాను.

ఆయనకి ఉన్న సరదా ఒక్కటేనని మా ఆవిడ చెప్పింది. ఆదివారం ప్రార్థన అయ్యి, టిఫిను కానిచ్చాక గాలం రాడ్డు భుజాన వేసుకుని ఉప్పుకాలవ గట్టు మీదికి పండుగప్ప చేపల కోసం వెళ్లిపోతారు. వానపాములూ రొయ్యలూ గుచ్చే పని లేదు, అంతా లూర్లతోనే. లూరంటే ప్లాస్టిక్కుతోనో రేకుతోనో చేసిన ఉత్తుత్తి చేప. దాన్ని నీళ్లలో లాగుతుంటే నిజం చేపనుకుని పెద్ద చేప వచ్చి పట్టుకోవాలి. ఇంకేం, దారి దొరికిందనుకుని ఆ రాత్రి నుంచే చదువు మొదలుపెట్టాను. ఎండ కాస్తూ నీరు తేటగా ఉంటే వెండి రంగు లూరు. మబ్బు పట్టిందా, బంగారు రంగు. నీరు బురదగా ఉంటే నల్లదో ముదురు రంగుదో కావాలి, పైగా దాని కడుపులో గోళీలు గలగలలాడాలి (చేపకి కనపడకపోయినా కనీసం వినపడాలి కదా). గాలి వీస్తే బరువైనది. ఎండ ముదిరి చేప అడుక్కి పోతే మునిగేది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. అరలరలుగా ఉండే పెట్టె ఒకటి కొని, రంగుల వారీగా సర్దాను. పక్కింటావిడ చూసి గోళ్ల రంగులు అమ్ముతున్నాననుకుంది.

ఆగస్టులో ఒక ఆదివారం నేనూ వస్తానని మావగారిని అడిగాను. ఆయన నావంక చూసి, నా పెట్టె వంక ఇంకాస్త ఎక్కువసేపు చూసి, "రండి" అన్నారు. ఎప్పుడూ అనే మాటే అయినా ఆ రోజు నాకు కొత్తగా వినపడింది.

గట్టుకి ఒక పక్క కాలవ, రెండో పక్క రొయ్యల చెరువులు. ఎండ ఫెళ్లున కాస్తోంది, నీరు తేటగా ఉంది. వెండి లూరు తీసి ముడి వెయ్యడం మొదలుపెట్టాను. ముడి పూర్తయ్యేసరికి మబ్బు కమ్మింది. సరే, అది విప్పి బంగారం. బంగారం బిగించేసరికి మళ్లీ ఎండ. దివిసీమలో ఆగస్టు నెల మబ్బులకి నిలకడ ఉండదన్న సంగతి ఆ వీడియోలు తీసినవాళ్లకి తెలియదు పాపం. ఇంతలో సముద్రం పోటు మొదలై కాలవ నీరు కలకబారింది. గలగలలాడే నల్లది కట్టాను. చినుకులు పడ్డాయి. ఆ పరిస్థితికి ఏది కట్టాలో ఫోనులో చూద్దామంటే సిగ్నలు లేదు. గట్టెక్కి గంట దాటినా నా లూరు నీటిని ముట్టుకుంది తక్కువ, నా చేతుల్లో ఉన్నది ఎక్కువ.

మావగారు మాత్రం కదల్లేదు, మెదల్లేదు. రంగు వెలిసిన ఎర్ర లూరు ఒక్కటే విసురుతున్నారు, చుట్టుకుంటున్నారు. ఎండకీ అదే, మబ్బుకీ అదే, బురదకీ అదే. ఇందులో ఏదో లోతు ఉందని నాకు అనిపించింది. లెక్కల మాస్టారు కదా, అన్ని వాతావరణాలకీ సరాసరి కట్టి ఆ ఎరుపు దగ్గర తేలి ఉంటారు. ఉండబట్టలేక, మబ్బులో కూడా ఎరుపేనా అని అడిగాను. ఆయన లూరు వంక చూశారు, ఆకాశం వంక చూశారు, తలూపారు. ఎంత గుంభనం అనుకున్నాను.

అప్పుడు గాలి లేచింది. గాలికి బరువైనది కట్టాలి కాబట్టి పెట్టెలోకల్లా బరువైన వెండి లూరు కట్టి, ఈసారి మావగారు చూసి తీరాలని రాడ్డు భుజం వెనక్కి తీసుకెళ్లి బలం కొద్దీ విసిరాను. అది ముందుకి రాలేదు. వెనక రొయ్యల చెరువు మీద కొంగలు వాలకుండా అడ్డంగా కట్టిన తాళ్లకి తగులుకుంది. గుంజాను. ఆ తాళ్లకి వేలాడదీసిన ఖాళీ డబ్బాలన్నీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మోగాయి. కంగారులో గిర్రున తిరిగేసరికి నా దారం మావగారి దారానికి చుట్టుకుని రెండూ చిక్కుపడ్డాయి. చెరువు కాపలా మనిషి దొంగలు పడ్డారనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, మాస్టారిని చూసి ఆగి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, ఈయనెవరండీ అని అడిగాడు.

మావగారు తీరిగ్గా చెప్పారు. "మా అల్లుడుగారోయ్. నీళ్లల్లో అన్ని రంగులూ చూసేశారు, ఇంక గాల్లో ఏవన్నా పడతయ్యేమోనని చూస్తన్నారు."

అని నవ్వారు. నవ్వడమంటే అలా ఇలా కాదు, కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి గానీ, ఆ "మా" అన్న మాట మాత్రం ఎక్కడో చల్లగా తగిలింది. కాపలా మనిషి కూడా నవ్వి, వెండి లూరు మెరుపుకి కొంగలు బెదురుతాయని దాన్ని అక్కడే ఉంచెయ్యమన్నాడు. ఉంచేశాను.

చిక్కు విడక రెండు దారాలూ కోసెయ్యాల్సి వచ్చింది. మావగారు తన ఎర్ర లూరు చేతిలోకి తీసుకుని దాని కన్నంలోకి దారం ఎక్కించబోయారు. ఎక్కలేదు. దూరంగా పట్టుకున్నారు, దగ్గరగా పట్టుకున్నారు, దారం కొస నోట్లో తడిపారు. చివరికి నా చేతికిచ్చారు. పొద్దుటినుంచీ ముడులు వెయ్యడం తప్ప ఇంకో పని చెయ్యని వాణ్ణి, రెప్పపాటులో కట్టి ఇచ్చాను. ఆయన ఆ ముడిని వేలితో తడిమి చూసుకున్నారు.

"ఈ కన్నం నాకానదండీ. ఎప్పుడూ అమ్మాయే కట్టిపెట్టేది" అన్నారు. లూరుని వేళ్ల మధ్య తిప్పుతూ, "ఇందాక కోసేసిన ముడి పెళ్లికి ముందు అమ్మాయి కట్టిందే. మార్చితే మళ్లీ కట్టేవాళ్లు లేరని దీంతోనే నెట్టుకొస్తన్నా. ఇంట్లో దాని మాట లేకపోయేసరికి నాకూ ఏం మాట్టాడాలో తోచట్లేదు" అన్నారు.

నేను పొద్దుటినుంచీ బుర్ర బద్దలుకొట్టుకున్న ఎరుపు సిద్ధాంతం ఇదీ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన నన్ను దూరం పెట్టారని ఇన్నాళ్లూ నేను బాధపడ్డాను, కూతురు దూరమైందని అన్నాళ్లూ ఆయన బాధపడ్డారు. ఇంకే రంగు కట్టమంటారని అడిగితే, బంగారం ఎట్టా ఉంటదో చూద్దామన్నారు. ఆ తర్వాత ఆయన ఆగలేదు. కూతురు చిన్నప్పుడు లూరుని చూసి జాలిపడి అన్నం మెతుకులు పెట్టబోయిన సంగతి మొదలుకుని ఇంటి గుమ్మం దాకా చెబుతూనే ఉన్నారు. ఒక్క చేపా పడలేదు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ మా ఇద్దరి గొంతులూ కలిసి రావడం విని, చేతిలో చేటతో అలాగే నిలబడిపోయింది.

ఇప్పటికీ నెలకో ఆదివారం ఆ గట్టు మీదే మా ఇద్దరి మకాం. రంగుల పాఠం వల్లె వేసుకుంటూ నాగాయలంక బస్సెక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మొన్న వెళ్లినప్పుడూ మబ్బు పట్టింది. పాత అలవాటు కొద్దీ నా చెయ్యి పెట్టె మీదికి పోయింది. మావగారు ఆ చేతి మీద తన చెయ్యి వేశారు.

"ఉండనీండి అల్లుడుగారూ. అయ్యి మార్చుకుంటా కూర్చుంటే మనం కబుర్లెప్పుడు చెప్పుకుంటాం?"