ముసుగు రాక్షసులు

వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. ముప్ఫై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. ఈమధ్య పళ్ళ అచ్చు కోసం మైనం చెక్కుతుంటే కత్తి రెండుసార్లు జారింది. ఎవరికీ చెప్పలేదు. చెయ్యి నిజంగా వణుకుతోందో లేదో తేల్చుకోవాలని, చిన్నప్పుడు ఆడిన పాత యుద్ధం ఆట కోసం వేలెడంత సీసపు రాక్షసులను పాతికమందిని తెప్పించి రంగులు వేయడం మొదలుపెట్టాడు. భార్యతో మాత్రం, "ఆదివారం తమ్ముడితో యుద్ధం. రంగు లేని బొమ్మని వాడు బల్ల మీద పెట్టనివ్వడు," అన్నాడు.

డాళ్ళు, కవచాలు బాగానే కుదిరాయి. చిక్కంతా కళ్ళ దగ్గరే. ఊపిరి బిగబట్టి చుక్క పెడుతున్నా, ఎనిమిదో రాక్షసుడికి అది చెంప మీదికి జారింది. తుడిచి మళ్ళీ పెడితే ముక్కు మీద పడింది. ఆ ముఖమంతా నల్లరంగు పులిమి ఇనప ముసుగు అనిపించాడు. ఆ తర్వాత అందరికీ ముసుగులే.

శనివారం భార్య బల్ల తుడవడానికి వచ్చి ఆ సేనను ఎగాదిగా చూసింది.

"ముందు వరసకి కళ్ళున్నాయి. వెనకాళ్ళందరికీ ఈ ముసుగులేంటి?"

"వాళ్ళు మరీ క్రూరులు. ముఖం చూపించరు."

ఆమె చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది.

"నెల్రోజుల నుంచి మీకు కాఫీ సగం కప్పే పోస్తున్నా," అంది. "ఎందుకని ఒక్కసారైనా అడిగారా?"