ఎలుగుబంటికి సాంబ్రాణి

కార్వాన్ బస్తీలోని మా ఇంట్లో బాలింత ఉంటే పొద్దుగూకగానే సాంబ్రాణి పొగ పడాల్సిందే. ఆ అలవాటే నా కొంప ముంచింది. నేను జూలో ఎలుగుబంట్లను చూసుకునేవాణ్ని. మా ఆడ ఎలుగు మొదటిసారి ఈనినప్పుడు, దోమలు పోతాయి, వెచ్చగా ఉంటుంది అని ఎంతో ప్రేమగా దాని గూటి గుమ్మంలో పొగ వేశాను. అది బెదిరిపోయింది. తెల్లారేసరికి పిల్ల లేదు. భయంతో తల్లే తినేసింది. తప్పు పూర్తిగా నాదే. ఎన్నాళ్లో అన్నం సయించలేదు.

మరుసటి ఏడు మళ్లీ చూలుతో ఉందని తెలియగానే గూటినిండా ఎండుగడ్డి పరిచాను. వెలుతురు రాకుండా కిటికీకి గోనెపట్టాలు కట్టి, మా వైపు తలుపుకు తాళం వేశాను. ఇక కడగడం లేదు, ఊడ్వడం లేదు. తిండీ నీళ్లూ పక్క గదిలో పెట్టి రావడమే. రోజంతా చేతులు కట్టుకొని కూర్చోవడం ఎంత నరకమో అప్పుడు తెలిసింది.

ఈనిన పదో రోజుకు మా జూ డాక్టరుగారికి గాభరా పట్టింది.

"పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది. జబ్బు చేసిందేమో, తలుపు తియ్యి."

"తియ్య సార్. ఈనిన ఎలుగు గిట్లనే పస్తుంటది. పోయినేడు నేను చేసిన పాపం చాలదా?"

"లోపల చచ్చిపోతే?"

"నా నౌకరీ తీసెయ్యుండ్రి. ముందుగాల ఈ గోడకు చెవి పెట్టుండ్రి."

పెట్టారు. లోపల తేనెటీగలు ముసిరినట్టు సన్నటి జుమ్మనే మోత. పిల్లలు పాలు తాగేటప్పుడు చేసే చప్పుడు అది. డాక్టరుగారు బూట్లు విప్పి చేత్తో పట్టుకొని వెళ్లిపోయారు.

రెండు నెలలు దాటాక ఒక ఉదయం అది బయటికొచ్చింది. వీపు మీద బొచ్చు పట్టుకొని వేలాడుతూ ఒకటి కాదు, రెండు పిల్లలు! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కానీ అరిస్తే మళ్లీ బెదురుతుంది. తువ్వాలు నోట్లో కుక్కుకొని గేటు దాకా పరుగెత్తి, రోడ్డు మీద పడ్డాక గొంతు చించుకొని అరిచాను.

ఆటో భాయ్ ఒకడు బండి ఆపాడు. "ఏమైంది చాచా?"

"మా ఎలుగుబంటి పిల్లల్ని తీస్కొని బయటికొచ్చింది! రెండు!"

"ముబారక్! గా ముచ్చట లోపల్నే చెప్పక, ఈడికొచ్చి లొల్లి చేస్తున్నవేంది?"

"లోపల బాలింత ఉంది గద, భాయ్!"