కార్డుకు దండం

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, నేను నెట్‌వర్కింగ్ పాఠాలు చెబుతాను. ఆన్‌లైన్ క్లాసులొచ్చాక మాలాంటి వాళ్ళం పలచబడ్డాం గానీ, చేత్తో పట్టుకుని నేర్చుకోవడానికి మా దగ్గర నిజమైన పెద్ద రౌటర్ ఒకటుంది. బీరువాకు ఉన్నట్టు దానికి అరలు, ఒక్కో అరలో ఒక్కో సర్క్యూట్ కార్డు. వాటిని తీయడం, పెట్టడం నేర్పే రోజున నా నోటికి అందరూ భయపడతారు.

భయపడాలి మరి. మన ఒంట్లో పేరుకునే స్టాటిక్ కరెంటు మనకు తెలియకుండానే కార్డును చంపేస్తుంది. అందుకే ముందు మణికట్టుకు స్ట్రాప్ కట్టుకుని, దాని క్లిప్పును రౌటర్ ఇనుప చట్రానికి తగిలించాలి. కార్డును అంచుల దగ్గరే పట్టుకోవాలి.

ఒక బ్యాచ్‌లో నాకన్నా పెద్దాయన ఒకాయన చేరాడు. డిప్లొమా చదివి, ఉద్యోగం దొరక్క ఏళ్ళ తరబడి క్యాబ్ నడిపాడు. నడుంనొప్పికి ఇక స్టీరింగ్ పట్టొద్దని డాక్టరు చెప్పాక మా మెట్లెక్కాడు. మొదటిసారి చేతికిస్తే, కార్డును కవరులోంచి తీసి, రెండు చేతులా పట్టుకుని భక్తిగా కళ్ళకద్దుకున్నాడు! స్ట్రాప్ లేదు. వేళ్ళన్నీ చిప్పుల మీదే.

"ఏంటండీ ఇది! ప్రసాదమనుకున్నారా?" అని అరిచాను.

"తప్పయింది మేడం. పొద్దుగాల స్టీరింగ్‌కు మొక్కే అలవాటు. చెయ్యి దానంతటదే పోయింది."

అదృష్టం బాగుండి కార్డు బతికింది. మర్నాడు స్ట్రాప్ కట్టుకున్నాడు గానీ మళ్ళీ కళ్ళకద్దుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని దెప్పిపొడిచాను. ఆయన నవ్వేశాడు.

"మొక్కకుండ మొదలువెడితె చేతులు వణుకుతున్నయ్ మేడం."

నిజంగానే వణికాయి. వణికే చేత్తో కార్డును తోస్తే వెనకున్న సన్నటి పిన్నులు వంగిపోతాయి.

ఇంతలో పంజాగుట్టలోని ఒక ఆఫీసు నుంచి ఆయనకు ప్రాక్టికల్ టెస్టుకు పిలుపొచ్చింది. వయసు చూసి అంతకుముందు ఎవరూ అంతదాకా రానివ్వలేదు. అక్కడ కూడా కార్డును కళ్ళకద్దుకున్నాడంటే టెస్టు అంతటితో సరి. ఆయన మీద నాకు ఒళ్ళుమంట. అంతకన్నా ఎక్కువ బెంగ.

టీ తాగుతూ ఆలోచిస్తే దారి దొరికింది.

"మొక్కండి. కానీ కార్డుకు కాదు, చట్రానికి. రంగు వేయని ఇనుము మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కళ్ళకద్దుకోండి. తర్వాత స్ట్రాప్. ఆ తర్వాతే కార్డు."

ఎర్త్ ఉన్న చట్రాన్ని తాకితే ఒంట్లోని కరెంటు ఎలాగూ దిగిపోతుంది. ఆయన అలాగే చేశాడు. చెయ్యి వణకలేదు. రెండు చివర్ల లివర్లు విప్పి, కార్డును తిన్నగా బయటికి లాగి, మళ్ళీ గాడిలో పెట్టి మెత్తగా తోశాడు. పచ్చ లైటు వెలిగింది.

"గీ ముచ్చట ముందే చెప్తే ఇన్ని తిట్లు తప్పేటివి గద మేడం," అన్నాడు.

టెస్టు రోజు క్లాసు మధ్యలో ఫోన్ చేశాడు.

"చట్రానికి మొక్కిన మేడం. సారు చూసి, ఏం చేస్తున్నవని అడిగిండు."

"మీరేమన్నారు?"

"ఒంట్ల కరెంటు దింపుకుంటున్న సార్ అన్న. తలకాయ ఊపిండు."

"ఉద్యోగం సంగతి చెప్పండి ముందు!"

"సోమవారం సంది రమ్మన్నరు మేడం."

నాకు ఏడుపు ఆగలేదు. క్లాసంతా నావైపే చూస్తోంది.

"ఏంటి చూస్తున్నారు? స్ట్రాపులు కట్టుకోండి!" అని ఏడుస్తూనే కసిరాను.